లేనయ్య కొలువు

ఆ దీవికి వంతెన లేదు. పడవ ఒక్కటే దారి. ఆ పడవైనా పొద్దున ఒకసారి, మధ్యాహ్నం ఒకసారి వెళుతుంది. ఆ తరవాత గాలి తిరిగి నీళ్ళు రేగుతాయి కాబట్టి మర్నాటి దాకా దీవి దీవే, ఒడ్డు ఒడ్డే. సరిగ్గా అందుకే జనం అక్కడికి ఎగబడతారు. పట్నంలో తలుపు తీస్తే మనుషులు, మూస్తే గోడ అవతల మనుషులు. మనుషులు లేనిచోట ఒక్క రాత్రి పడుకుని రావాలని వాళ్ళ ముచ్చట. గుడారాలూ దుప్పట్లూ గిన్నెలూ మూటగట్టుకుని, ఒంటరితనం కోసం గుంపులు గుంపులుగా పడవెక్కుతారు. పార్కువాళ్ళు రేవు దగ్గర నీలం రంగు బోర్డు ఒకటి పెట్టారు: 'మీరు, ప్రకృతి, అంతే.'

ఆ 'అంతే'లో ఒక మనిషి దాక్కుని ఉన్నాడు.

అతను దీవి కాపలాదారు. ఆఫీసు కాగితాల్లో వేరే పేరుంది గాని, ఆ పేరుతో పిలిస్తే అతనే వెనక్కి తిరిగి చూడడు. రేవులో అందరూ లేనయ్య అనే అంటారు. ఆ పేరు పెట్టింది పడవ నడిపే అతని బావమరిది. దీవి నుంచి తిరిగొచ్చేవాళ్ళని "అక్కడ ఎవరైనా కనపడ్డారా సార్?" అని అడగడం పడవవాడికి సరదా. "ఎవరూ లేరయ్యా, ఎంత హాయిగా ఉందో!" అని వాళ్ళు కళ్ళు మూసుకుని చెపుతారు. అలా ఏళ్ళ తరబడి లేడు లేడనిపించుకుని అతను లేనయ్య అయిపోయాడు.

కనపడకుండా ఉండటం అతని స్వభావం కాదు, వ్రతం. ఉద్యోగంలో చేరిన కొత్తలో, మొట్టమొదటి విడిది గుంపు దీవిలో దిగిన రోజున, అప్పటి పెద్దాఫీసరు అతన్ని ఎగాదిగా చూసి, "ఇదిగో, వచ్చినవాళ్ళకి నువ్వు కనపడకూడదు. తెలిసిందా?" అని కసిరాడు. ఇంకొకడైతే ఆ మాట ఆ పూటకే మరిచిపోయి ఉండేవాడు. కాని లేనయ్య, చిన్నప్పుడు బళ్ళో పంతులుగారు చేతులు కట్టుకోమంటే, బడి వదిలాక కూడా చేతులు కట్టుకునే ఇంటికి నడిచి వెళ్ళిన రకం. పెద్దాయన మాటని కళ్ళకద్దుకున్నాడు. ఆ ఆఫీసరు బదిలీ అయిపోయాడు, తరవాత రిటైరయ్యాడు, అసలు దీవి అనేది ఒకటుందని కూడా మరిచిపోయి ఉంటాడు. వ్రతం మాత్రం సాగుతూనే ఉంది.

దీవి వెనక, గుట్ట అవతల ఒక రేకుల గది. అందులో ఒక మంచం, ఒక పొయ్యి, గోడకి దేవుడి పటం. అది అతని ఇల్లు. గుట్ట ఇవతల చదునైన చోట గుడారాలు వేసుకుంటారు. అక్కడ ఏనుగు వీపులా వంగిన రాయి ఒకటుంది. వాన కురిస్తే దీవి మీద కట్టెలన్నీ తడిసిపోతాయి కదా, ఆ రాయి కింద వాన తగలని చోట లేనయ్య ఎండు పుల్లలు వేసి పెట్టేవాడు. పేర్చి కాదు. పేరిస్తే మనిషి చెయ్యి పడ్డట్టు తెలిసిపోతుంది. గాలికి కొట్టుకొచ్చి అక్కడ ఆగినట్టు, అడ్డదిడ్డంగా వేసేవాడు. అలా అడ్డదిడ్డంగా వెయ్యడానికి పేర్చడం కన్నా ఎక్కువసేపు పట్టేది.

ఊట దగ్గరికి దిగే బాటలో నాచు గీకేవాడు, దాని మీద ఇసుక చల్లేవాడు, ఇసుక కొత్తగా కనపడకుండా ఆ పైన నాలుగు ఆకులు రాల్చేవాడు. జనం ఈతకి వెళ్ళగానే చప్పుడు చెయ్యకుండా వచ్చి, వదులుగా ఉన్న గుడారం మేకుల్ని మడమతో లోపలికి దిగతొక్కి, తాళ్ళు బిగించి, ఆకుల కొమ్మతో తన అడుగుల జాడ తనే చెరుపుకుంటూ వెనక్కి వెనక్కి నడిచి వెళ్ళిపోయేవాడు. దగ్గొస్తే తువ్వాలు నోట్లో కుక్కుకునేవాడు. పొగ కనిపిస్తుందని, దీవిలో జనం ఉన్న రోజుల్లో చల్లారిన అన్నమే తినేవాడు.

పొద వెనక కూర్చుంటే వాళ్ళ మాటలు వినపడేవి.

"గాలి ఎంత గట్టిగా వీచినా మన గుడారం కదల్లేదు చూశావా? మేకులు కొట్టింది ఎవరనుకున్నావ్!" అని ఒక మొగుడు పెళ్ళాం దగ్గర మీసం తిప్పేవాడు.

"ఇంట్లో గోడకి మేకు కొట్టమంటే వేలు చితక్కొట్టుకున్నారు, ఇక్కడేమిటీ ఈ ప్రతాపం?" అని ఆవిడ మురిసిపోయేది.

పాపం, వాళ్ళ కాపురం ఆ పూటకి చల్లగా ఉంది కదా అని లేనయ్య పొద వెనక తనూ మురిసిపోయేవాడు. ఎండ కాయించేవాడు, వాన కురిపించేవాడు, గింజని మొలిపించేవాడు ఒకడున్నాడు. ఆయన ఎవరికి కనపడ్డాడు గనక? తను చేసేది ఆయన కొలువులో చిన్న నౌకరీ అని అతని లోపలి నమ్మకం. పైకి మాత్రం ఎవరితోనూ అనేవాడు కాదు, ఒక్క భార్యతో తప్ప. భార్యతో అనకపోయినా బాగుండేది.

"దేవుడికైతే గుడి కట్టారు. నీకు రేకుల గది కట్టారు. అదీ కారుతోంది," అని ఆవిడ సూది ఆపకుండానే అనేది.

ఆవిడ పని గుడారాల కొట్లో. రేవులో టిక్కెట్ల కిటికీ వెనక పొడుగాటి గది, కప్పు దాకా మడత పెట్టిన గుడ్డ గుడారాలు, ఎప్పుడూ తడి గుడ్డ వాసన. జనం చింపుకొచ్చిన గుడారాల్ని మిషను మీద కుట్టడం, దుప్పట్లు ఉతికి ఆరెయ్యడం ఆవిడ వంతు. సెలవు దొరికిన రోజున లేనయ్య ఒడ్డుకొచ్చి, ఆ కొట్టు గుమ్మంలో కూర్చుని ఆవిడ కుడుతున్న గుడారం రెండో కొస పట్టుకునేవాడు. వాళ్ళ సంసారం చాలావరకు ఆ గుడ్డకి అటొకరు ఇటొకరుగా నడిచింది.

అలా ఉండగా ఆఫీసుకి కొత్త మేడం వచ్చింది. చురుకైన మనిషి, చెడ్డది కాదు. వచ్చీ రాగానే, దీవిలో బస చేసి వచ్చిన ప్రతి కుటుంబాన్నీ తన గదిలో కూర్చోబెట్టి, టీ ఇప్పించి, ఎలా ఉందని అడగటం మొదలుపెట్టింది. వాళ్ళు దీవిని ఆకాశానికెత్తేశారు. మనిషి జాడే లేదన్నారు. వానలో కూడా ఎండు పుల్లలు దొరికాయన్నారు. అక్కడ అన్నీ వాటంతటవే అమరుతాయన్నారు.

మేడం ఆలోచనలో పడింది. అన్నీ వాటంతటవే అమరేచోట కాపలాదారు ఏం చేస్తున్నట్టు?

ఆ కబురు బావమరిది పడవలో మోసుకొచ్చాడు. లేనయ్య ఊట దగ్గర నాచు గీకుతున్నాడు.

"బావా, నీ పని గాలిలో దీపం అయింది."

"ఏంట్రా?"

"నువ్వు ఊరికే కూర్చుని తింటున్నావని మేడం తేల్చేసింది. నీ పోస్టు ఎత్తేసి నిన్ను రేవులో కార్లు ఆపేచోట గేటు దగ్గర వేస్తుందట. అయితే న్యాయంగా ముందొకసారి తనే వచ్చి చూస్తుందిలే. ఎల్లుండి రాత్రి ఇక్కడే బస. వాళ్ళత్తగార్ని కూడా తెస్తోంది."

"అత్తగారెందుకూ?"

"ఆవిడకి మోకాళ్ళ నొప్పులు. ఆవిడే ఎవరి సాయం లేకుండా ఇక్కడ ఒక రాత్రి ఉండగలిగితే ఇక ఎవరైనా ఉండగలరట. అప్పుడు నువ్వు అక్కర్లేదు. ఉండలేకపోతే నీ కొలువు నీకుంటుంది. అదీ పరీక్ష."

లేనయ్యకి రేవు కళ్ళ ముందు మెదిలింది. గేటు దగ్గర కార్లు. అక్కడ పొదలు కూడా లేవు.

ఆ సాయంత్రం ఒడ్డు మీద భార్య మిషను ఆపింది. ఆవిడ మిషను ఆపిందంటే విషయం పెద్దదని అర్థం.

"చూడయ్యా, దారి చాలా తేలిక. నువ్వు ఏమీ చెయ్యకు. ఒక్క రోజు. చేతులు ముడుచుకుని నీ గదిలో కూర్చో. తడి పుల్లలు ఊది ఊది ఆ మహాతల్లి కళ్ళు వాచిపోతే, గుడారం నెత్తి మీద కూలితే, అప్పుడు తెలుస్తుంది నువ్వెవరో."

"ముసలావిడ ఉంటుందంటే..."

"మనం మాత్రం పడుచువాళ్ళమా? గేటు దగ్గర పొద్దస్తమానం ఎండలో నిలబడితే నీ మోకాళ్ళకి ఎవరు రాస్తారు నూనె? నేనే కదా! దండం పెట్టి చెప్పు, ఏమీ చెయ్యనని."

లేనయ్య కొట్లో గోడకున్న దేవుడి పటం వైపు తిరిగి దండం పెట్టి, ఏమీ చెయ్యనన్నాడు. గుమ్మంలో ఉన్న బావమరిది, "నేనూ సాక్షినే బావా," అన్నాడు.

పరీక్ష రోజు పొద్దున్నే దేవుడు కూడా లేనయ్య పక్షాన నిలిచినట్టు, దంచి కొట్టింది వాన. మధ్యాహ్నానికి వెలిసింది. చెట్లన్నీ కారుతున్నాయి. పడవ దిగి మేడం, వాళ్ళత్తగారు వచ్చారు. పెద్దావిడ ఒక చేత్తో కర్ర, ఇంకో చేత్తో మూత ఉన్న స్టీలు గిన్నెల సంచి పట్టుకుని, అడుగు అడుగుకీ ఆగి, ఆగినప్పుడల్లా "అబ్బ, ఎంత బాగుందే అమ్మాయ్," అంటోంది, నొప్పని చెప్పడం ఇష్టం లేక.

లేనయ్య గదిలో కూర్చున్నాడు. చేతులు ముడుచుకున్నాడు. కాసేపటికి చేతులు వాటంతటవే విడిపోయాయి. మళ్ళీ ముడిచాడు. ఏమీ చెయ్యనన్నాడు గాని చూడనని అనలేదు కదా అని గుర్తొచ్చింది. లేచి గుట్ట ఎక్కి పొద వెనక కూర్చున్నాడు.

మేడం గుడారం వేసింది. శ్రద్ధగానే వేసింది, కాని తడినేలలో మేకులు వెన్నలో పుల్లల్లా నిలబడ్డాయి. తరవాత ఆవిడ దీవి చుట్టూ చూసి రావడానికి వెళ్ళింది. పెద్దావిడ ఒక్కతే పొయ్యి ముందు కూలబడి, తడి పుల్లలు పోగేసి ఊదటం మొదలుపెట్టింది. పొగ తప్ప మంట లేదు. ఆవిడ దగ్గుతూ, కొంగుతో కళ్ళు తుడుచుకుంటూ, మళ్ళీ ఊదుతోంది. మధ్యలో ఆగి పుల్లలతో, "ఏమర్రా, ఒక్కసారి అంటుకోండర్రా. అమ్మాయి తిరిగొచ్చేసరికి వేడిగా రెండు ముద్దలు పెట్టాలి. పొద్దున్నుంచీ ఏమీ తినలేదు," అని బతిమాలుకుంది.

లేనయ్య కళ్ళు మూసుకున్నాడు. పుల్లలు చిటపటమనకపోవడం చెవులకి వినపడుతోంది. భార్య మొహం తలుచుకున్నాడు. గేటు తలుచుకున్నాడు. దేవుడి పటం ముందు పెట్టిన దండం తలుచుకున్నాడు. అదే పొరపాటయింది. దేవుణ్ణి తలుచుకుంటే, ముసలమ్మ పొయ్యి ఆరిపోతుంటే చూస్తూ కూర్చోమని ఆయన ఎందుకు చెపుతాడన్న సందేహం కూడా వెంటే వచ్చింది.

పెద్దావిడ గిన్నె కడగడానికి ఊట వైపు వెళ్ళి వచ్చేసరికి రాయి కింద ఎండు పుల్లలున్నాయి. గాలికి కొట్టుకొచ్చినట్టు, అడ్డదిడ్డంగా.

ఒకసారి చెయ్యి మొదలుపెట్టాక ఆగడం ఎవరి తరం? మేకులు దిగాయి, తాళ్ళు బిగిశాయి. పెద్దావిడ రెండోసారి ఊటకి దిగే లోపల బాట మీద ఇసుక పడింది. ఆవిడ పట్టుకుని లేవడానికి వీలుగా ఒక మొద్దు, తరతరాలుగా అక్కడే పడి ఉన్నట్టు, పొయ్యి పక్కకి దొర్లుకొచ్చింది. నిజం చెప్పాలంటే లేనయ్య తన కొలువు కాలంలో అంత బాగా ఎప్పుడూ చెయ్యలేదు. తన మెడకి తాడు తనే పేనుకుంటూ, ముడి గట్టిగా పడాలని శ్రద్ధ పెట్టిన మనిషిని చూడాలంటే ఆ సాయంత్రం అతన్ని చూసి ఉండాల్సింది. చూసేందుకు అతను కనపడలేదనుకోండి.

పెద్దావిడ ఎండు పుల్లల్ని చూసి ఊరికే వాడుకోలేదు. ఒకటి చేత్తో పట్టుకుని, పైన కారుతున్న చెట్ల వంక చూసింది, పుల్ల వంక చూసింది. చుట్టూ పొదల వంక నింపాదిగా చూసి, "ఎవరు బాబూ నువ్వు? చల్లగా ఉండు," అంది.

పొద వెనక లేనయ్య విన్నాడు. ఇన్నేళ్ళ కొలువులో విడిదికొచ్చినవాళ్ళు తనతో అన్న మొదటి మాట అది. తువ్వాలు నోట్లో కుక్కుకున్నాడు. ఈసారి దగ్గొచ్చి కాదు.

మర్నాడు పొద్దున వాళ్ళు పడవ ఎక్కాక అతను చదును ఊడ్చడానికి వచ్చాడు. రాయి కింద, తను పుల్లలు పెట్టే చోటే, మూత పెట్టిన స్టీలు గిన్నె ఉంది. లోపల అన్నం, కూర. మూత మీద చీమలెక్కకుండా చుట్టూ నీళ్ళు పోసి ఉన్నాయి. పోసి కాదు, వాన నీళ్ళు అక్కడ నిలిచినట్టు, అడ్డదిడ్డంగా.

పడవలో ఏం జరిగిందో బావమరిది తరవాత చెప్పాడు.

"దీవిలో ఎవరో ఉన్నారే అమ్మాయ్," అందట పెద్దావిడ.

"ఎవరూ లేరత్తయ్యా. కాపలావాడొకడు గుట్ట అవతల ఉన్నాడు గాని, మర్యాదకైనా వచ్చి పలకరించలేదు చూశారా?"

"అదే నేననేది."

"ఏదీ?"

"పలకరించకుండా ఉన్నాడనే."

"అందుకే కదా తీసేద్దామంటున్నా," అందట మేడం, అత్తగారు తన మాటే బలపరిచిందని సంతోషంగా.

వారం తిరక్కుండా లేనయ్య గేటు దగ్గర ఉన్నాడు. భార్య రెండు రోజులు మాట్లాడలేదు. మూడో రోజున, "ముసలావిడ ఏం వండింది?" అని అడిగింది.

"బాగుంది," అన్నాడు లేనయ్య.

"ఏం వండిందయ్యా అంటే బాగుందంటావేం? సర్లే. గిన్నె తిరిగిచ్చావా?"

"ఎక్కడ? కడిగి దగ్గర పెట్టుకున్నా."

"అదొక్కటే మిగిలింది నీకు," అని ఆవిడ మిషను తొక్కడం మొదలుపెట్టింది. కాస్త మెల్లగానే తొక్కింది.

బావమరిదికి మాత్రం ఉండబట్టలేదు. ఒకనాడు గేటు పక్కన చతికిలబడి, "బావా, ఇన్నేళ్ళుగా నీకు చెప్పనిదొకటుంది. ఆ మొదటి రోజు నేనూ అక్కడే ఉన్నా కదా. పెద్దాఫీసరు నిన్ను కనపడొద్దన్నది ఎందుకనుకున్నావ్? ఆ రోజు నీ ఒంటిమీద చొక్కా లేదు. నడుముకి తడి తువ్వాలు చుట్టుకుని నిలబడ్డావ్. ఆడవాళ్ళు దిగుతున్నారని ఆయన ఆ పూటకి పక్కకి పొమ్మన్నాడు. అంతే," అన్నాడు.

ఒక కారు వచ్చింది. లేనయ్య గేటు ఎత్తాడు, దించాడు.

"అప్పుడే చెప్పొచ్చు కదరా."

"నువ్వు అప్పటికే కొమ్మతో అడుగులు ఊడ్చుకుంటున్నావ్ బావా. అంత భక్తిగా ఊడుస్తుంటే ఎలా చెప్పమంటావ్?"

లేనయ్య ఇంకో కారుకి గేటు ఎత్తి, "పోనీలే. ఎందుకన్నా, మంచి మాటే అన్నాడు," అన్నాడు.

దీవి మాత్రం అతనంత ఓర్పుగా ఉండలేదు. వెళ్ళిన మొదటి గుంపు తడిసి ముద్దయి, పచ్చి కూరగాయలు నమిలి తిరిగొచ్చింది. రెండో గుంపులో మీసం తిప్పే మొగుడి గుడారం అర్ధరాత్రి ఎగిరి చెట్టెక్కింది. పెళ్ళాం అతనితో పడవలో మాట్లాడలేదు. మూడో గుంపులో ఒకాయన ఊట దగ్గర జారి నడుం పట్టుకుని కూర్చున్నాడు. అందరిదీ ఒకటే ఫిర్యాదు: ప్రకృతి మునుపటిలా లేదు.

మేడం మంచి మనిషి కాబట్టి కంగారు పడింది. ఒక నిపుణుణ్ణి పిలిపించింది. ఆయన దీవి అంతా తిరిగి, మట్టి వాసన చూసి, ఆకులు తిప్పి చూసి, ఎండుపుల్లలు సహజంగా రాయి కిందకి చేరే గాలి ఎందుకో ఆగిపోయిందని తేల్చాడు. వాతావరణం మారుతోందన్నాడు. మార్పు వచ్చిన సంగతి నిజమే. అది గేటు దగ్గర నిలబడి కార్లు లెక్కపెట్టుకుంటోంది.

చివరికి మేడం గట్టి నిర్ణయం తీసుకుంది. దీవిలో ఒక సహాయకుణ్ణి పెట్టాలి. అతను జనానికి కనపడాలి. దూరం నుంచి కూడా కనపడాలి. అందుకని నారింజ రంగు కోటు ఒకటి కుట్టించింది. దాన్ని చూస్తే కళ్ళు జిగేల్మంటాయి. తీరా చూస్తే దీవిలో ఒంటరిగా పడి ఉండటానికి ఆఫీసులో ఒక్కడూ ఒప్పుకోలేదు. లేనయ్యని పిలిచింది.

"చూడండి, ఇది ఇదివరకటి ఉద్యోగం లాంటిది కాదు. పని ఉంటుంది. మీకు అలవాటు లేదనుకోండి, మెల్లగా నేర్చుకుంటారు. ముఖ్యంగా కనపడుతూ ఉండాలి. నేను రోజూ సాయంత్రం ఈ కిటికీలోంచి బైనాక్యులర్‌తో చూస్తుంటాను. ఆ రంగు కనపడిందంటే నాకు ధైర్యం."

"చిత్తం మేడం," అన్నాడు లేనయ్య.

కోటు పొడుగైతే భార్య కొట్లోనే కొసలు మడిచి కుట్టింది. పళ్ళతో దారం తెంపుతూ, "ఇన్నేళ్ళూ కనపడొద్దని ఒకాయన, ఇప్పుడు కనపడమని ఒకావిడ. నేనొక్కదాన్నే కదా నిన్ను ఎలా ఉన్నా చూసింది," అంది. అది తిట్టో మరొకటో లేనయ్యకి తెలియలేదు. కోటు తొడుక్కుని అద్దంలో చూసుకుని సిగ్గుపడ్డాడు.

కొత్త కొలువులో మొదటి రోజంతా కోటు తొడుక్కుని రేవు గుంజ పక్కన నిలబడ్డాడు. జనం చెయ్యి ఊపారు. తనూ ఊపాడు. ఫొటోలు తీసుకున్నారు. ఎవరి మేకులు వదులయ్యాయో, ఎక్కడ నాచు పట్టిందో చూడ్డానికి తీరికే లేకపోయింది. కనపడటం అంత పెద్ద పనని అతనికి తెలియదు. రెండో రోజు కోటు విప్పి, గుంజకి ఒక అడ్డకర్ర కట్టి, దానికి తొడిగి, తన పని మీద తను పోయాడు.

అందరికీ బాగానే ఉంది. జనం దూరం నుంచి కోటుకి చెయ్యి ఊపేవారు, పిల్లలు కేకలు పెట్టేవారు. రాయి కింద మళ్ళీ గాలికి ఎండు పుల్లలు చేరసాగాయి. వాతావరణం బాగుపడిందని నిపుణుడు సంతోషించాడు. మేడం సాయంత్రం బైనాక్యులర్‌లో నారింజ రంగు చుక్క చూసుకుని, "ఇప్పుడు చూడండి, మనిషి నిలబడి పనిచేస్తే ఎంత తేడానో!" అని ఆఫీసులో అందరికీ చూపించేది.

ఆకులు రాలే రోజుల్లో పెద్దావిడ మళ్ళీ వచ్చింది. ఈసారి కోడలితో కాదు, తన చెల్లెలితో. దుప్పట్ల కోసం గుడారాల కొట్టులోకి వచ్చి స్టూలు మీద కూర్చుంది.

"దీవిలో ఎవరో ఉన్నారమ్మా అంటే మా కోడలు నమ్మదు. నాకు వయసు మీద పడిందనుకుంటుంది."

లేనయ్య భార్య దుప్పట్లు మడత పెడుతూ ఆగిపోయింది. "ఉన్నాడండీ. మా ఆయనే," అంది.

ఇద్దరూ ఒకరినొకరు చూసుకున్నారు. పెద్దావిడ నవ్వింది. "గిన్నె వదిలేశానని ఇంట్లో ఒకటే సాధింపు."

"కడిగి పటం పక్కన పెట్టుకున్నాడండీ, తీర్థం గిన్నెలాగ. పిలిస్తే సిగ్గుపడతాడు. కాస్త గదమాయించి పిలవండి."

ఆ మధ్యాహ్నం లేనయ్య ఆమెని కర్ర చప్పుడుని బట్టే పోల్చుకున్నాడు. రాయి కింద పుల్లలు వేశాడు. వాటి పక్కన స్టీలు గిన్నె పెట్టాడు, అడవిలో ఏరిన పళ్ళతో నింపి. ఎంత ప్రయత్నించినా స్టీలు గిన్నె గాలికి కొట్టుకొచ్చినట్టు పెట్టడం చేతకాలేదు. వదిలేసి పొద వెనక్కి వెళ్ళాడు.

పెద్దావిడ గిన్నె చూసింది. మూత తీసి ఒక పండు నోట్లో వేసుకుంది. చెల్లెలికి ఒకటిచ్చింది. పొద్దు వాలే వేళకి పొయ్యి ముట్టించి, అన్నం వండి, మూడు చోట్ల ఆకులు పరిచింది. అప్పుడు రేవు వైపు తిరిగి గుంజ మీదున్న కోటుని చూసి, పొదల వైపు తిరిగి గట్టిగా, "ఏం తమ్ముడూ, ఆ కోటు తొడుక్కున్నాయన్ని కూడా భోజనానికి పిలవమంటావా, నువ్వొక్కడివే వస్తావా? అన్నం చల్లారిపోతోంది," అంది.

పొద కదల్లేదు.

"చల్లారిన అన్నమే అలవాటని మీ ఆవిడ చెప్పిందిలే. నా దగ్గర అవి కుదరవు. లే!"

లేనయ్య లేవబోయి ఆగాడు. పొద్దున్నుంచీ కట్టెలు కొట్టాడు. ఒంటిమీద తువ్వాలు తప్ప చొక్కా లేదు. పెద్దాఫీసరు మాట ఇన్నేళ్ళకి మొదటిసారి సరిగ్గా అర్థమైంది.

"ఒక్క నిమిషం అక్కయ్యా, చొక్కా వేసుకొస్తా," అని పొద వెనకనుంచే అని, చాటుచాటుగా రేవు దాకా పరుగెత్తి, గుంజకున్న కోటు ఊడదీసి తొడుక్కుని, గుండీలన్నీ పెట్టుకుని, బాట మీద అడుగుల జాడలు పడుతున్నా చూసుకోకుండా నడిచి వచ్చి, పరిచిన ఆకు ముందు చేతులు కట్టుకుని కూర్చున్నాడు.

"చేతులు విప్పితే గదా తినేది," అంది పెద్దావిడ చెల్లెలు.

ఒడ్డు మీద మేడం ఎప్పట్లాగే కిటికీలోంచి బైనాక్యులర్ పెట్టి చూసింది. గుంజ ఉత్తగా ఉంది. ఈ పక్కా ఆ పక్కా వెతికింది. చెట్లు తప్ప ఏమీ లేవు. మొహం చిన్నబోయి, కిందికి దిగి గుడారాల కొట్టు గుమ్మంలో నిలబడి, "ఇన్నాళ్ళూ ఒక్క పూట కూడా తప్పలేదు. ఇవాళ మీ ఆయన అక్కడ లేడమ్మా," అంది.

లేనయ్య భార్య మిషను ఆపలేదు. గుడ్డ తిప్పి రెండో వైపు కుట్టు వేస్తూ, "ఉన్నాడులెండి మేడం. ఇవాళే ఉన్నాడు," అంది.